పెరటివైపు తిరిగిన డిష్

డిష్ బిగించడం బ్రహ్మవిద్యేం కాదు. ముందు ఒక గొట్టాన్ని నిటారుగా నిలబెట్టాలి. అది వెంట్రుకవాసి వంగిందా, ఆ పైన చేసిందంతా బూడిదలో పోసిన పన్నీరే. ఆ గొట్టానికి డిష్ తగిలించి, శాటిలైట్ ఉన్న దిక్కుకి తిప్పి, ఎంత ఎత్తుకి చూడాలో అంత పైకెత్తాలి. దాని ముందు చేయి చివర చిన్న ముక్కులాంటిది ఉంటుంది. అందులోంచి కేబుల్ దించి టీవీ దగ్గరి బాక్సుకి కలిపితే పనయిపోయినట్టే. కాకపోతే వేలెడంత అటో ఇటో అయితే బొమ్మ రాదు. ఆ వేలెడంత వల్లే ఇరవై ఏళ్ళుగా నా పొట్ట నిండుతోంది.

బాక్సులో ఒక పేజీ తెరిస్తే రెండు గీతలు కనిపిస్తాయి. పైది స్ట్రెంత్, కిందిది క్వాలిటీ. స్ట్రెంత్ ఒట్టి కోతలరాయుడు. కేబుల్ బాగుంటే చాలు, డిష్‌ని బీరువా వైపు తిప్పినా ఎనభై చూపిస్తుంది. క్వాలిటీ అలా కాదు. డిష్ ఆకాశంలో చూడాల్సిన చోటునే చూస్తే తప్ప అది సున్నా మీంచి లేవదు. అబద్ధం చెప్పడం దానికి రాదు. నాకు వచ్చు.

బండి వెనక డిష్ కట్టుకుని తిరుగుతాను కాబట్టి ఈ వీధుల్లో నన్ను గొడుగు అంటారు. వానొస్తే జనం గొడుగు కోసం వెతుక్కుంటారని నామీద ఒక జోకు కూడా ఉంది. నిజమే, గాలీవానా వస్తే డిష్షులు కదులుతాయి, నాకు ఫోన్ల మీద ఫోన్లు. అన్నిచోట్లకీ వెళ్ళలేం. అందుకని మా పనివాళ్ళందరికీ ఒక అలవాటుంది. ఇంట్లో ఒకరిని టీవీ ముందు కూర్చోబెట్టి, ఇంకొకరిని మేడ ఎక్కించి, మేం ఫోన్లో చెబుతూ డిష్ తిప్పిస్తాం. "కొంచెం ఎడమకి... ఆపండి... వచ్చిందా?" సగం పనులు ఇలాగే అయిపోతాయి. కాలు కదపకుండా పని చక్కబెట్టామని మాలో మేం గొప్పలు కూడా చెప్పుకుంటాం.

మాస్టారి ఇంట్లో నేను చేసింది అదే.

ఆయన లెక్కల మాస్టారు, రిటైరై చాలా కాలమైంది. ఇంట్లో ఆయన, ఆయన భార్య, ఆఫీసుకి వెళ్ళే కొడుకు, కోడలు. వాళ్ళ డిష్ బిగించింది నేనే. మేడ మధ్యలో స్టాండ్ వేసి పెట్టాల్సింది. కానీ వెనక పిట్టగోడకి, అదీ బయటివైపు బిగిస్తే కేబుల్ తిన్నగా కిటికీలోకి దిగిపోతుంది, నాకు గంట పని తప్పుతుంది. బయటివైపే బిగించాను. ఆ పిట్టగోడ మోకాలెత్తు కూడా ఉండదు. డిష్ నట్టు అందుకోవాలంటే గోడ మీంచి బయటికి వంగాలి. కింద పెరట్లో సిమెంటు గచ్చు.

పోయిన ఏడాది ఒక ముసురు రోజు, సాయంత్రం ఆరవబోతుండగా మాస్టారు ఫోన్ చేశారు. ఆరింటికి వాళ్ళావిడ చూసే సీరియల్ వస్తుందట, బొమ్మ రావట్లేదట. నేను ఇంట్లో ఫ్యాను కింద పడుకుని ఉన్నాను.

"ఇంకో మేడ మీద పనిలో ఉన్నాను మాస్టారూ" అన్నాను పడుకునే. "చిన్న పనే. మీరెక్కి తిప్పెయ్యండి, నేను చెబుతాను."

"మోకాళ్ళు సహకరించవు నాయనా."

"నాలుగు మెట్లెక్కలేరా మాస్టారూ? మీకు చేతకాని పనేముంది?"

పొగిడితే లెక్కల మాస్టార్లు కూడా మెట్లెక్కుతారు. ఆయన పాపం ఆయాసపడుతూ ఎక్కారు. స్పీకర్ ఆన్ చేసి ఫోన్ చొక్కా జేబులో పెట్టుకున్నారు. వాన చప్పుడు వినిపిస్తోంది. ఎడమకి అన్నాను. ఇంకొంచెం అన్నాను. చేయి అందట్లేదు అన్నారాయన.

"వంగండి మాస్టారూ, ఏం కాదు" అన్నాను.

కింద గదిలోంచి ఆవిడ అరవడం సన్నగా వినిపించింది. వచ్చింది, వచ్చింది, ఇక ఆపెయ్యండి అని. ఆ వెంటనే ఏదో జారిన చప్పుడు. తడి గోనెసంచి పడ్డట్టు ఒక దెబ్బ. తరవాత వాన ఒక్కటే. కాసేపటికి ఆ వానలోంచి, చాలా నెమ్మదిగా...

"నాయనా... ఉన్నావా?"

నేను ఫోన్ కట్ చేశాను.

భయం వేసింది. ఉన్నాను అంటే నాది తప్పని ఒప్పుకున్నట్టే అనిపించింది. ఫోన్ జేబులోంచి జారి పడి ఉంటుంది, అంతకన్నా ఏమీ కాలేదు అని నాకు నేనే చెప్పుకున్నాను. లేచి వెళ్ళి ఉంటే బండి మీద అయిదు నిమిషాల దారి. వెళ్ళలేదు.

పైన ఆయన పని ముగించుకుని వస్తారులే అని ఆవిడ అరగంట సీరియల్ చూసింది. అయ్యాక పెరట్లోకి వెళ్ళింది. అరగంట ముందు తెచ్చి ఉంటే దక్కేవారని డాక్టరు అన్నాడట. వానలో నానిన ఫోన్ మళ్ళీ పనిచెయ్యలేదు. నాకు ఫోన్ చేసిన సంగతి ఆయన ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

మర్నాడు ఆ ఇంటి ముందు గుంపులో నేనూ నిలబడ్డాను. కొడుకు అందరి ముందూ తల్లిని అడిగాడు.

"నీ సీరియల్ కోసం ఆయన్ని మేడెక్కించావా అమ్మా?"

ఆవిడ తల దించుకుంది. కాదనలేదు. తానే ఎక్కించానని ఆవిడ కూడా నమ్మింది. ఒక్క మాట... నేను ఫోన్లో ఎక్కించానని ఒక్క మాట అంటే ఆవిడ తల పైకి లేచేది. దొంగకు తేలు కుట్టినట్టు నోరు మూసుకుని వచ్చేశాను. ఆ రోజునించీ ఆ కొడుకు తల్లితో సరిగ్గా మాట్లాడట్లేదని, ఆవిడ ఎవరితోనూ మాట్లాడట్లేదని వింటూనే ఉన్నాను. వినడానికి సిగ్గేసేది. అయినా వినేవాణ్ణి.

మొన్న సోమవారం ఆ ఇంటి కోడలు ఫోన్ చేసింది.

"అన్నయ్యా, ఒక డిష్ బిగించాలి. పాతది మా ఆయన పీకేశారు. అత్తయ్య పొద్దస్తమానం గోడకేసి చూస్తూ కూర్చుంటున్నారు. ఏదో ఒక బొమ్మ కనిపిస్తే కాస్త మనుషుల్లో పడతారని. ఆయన ఆఫీసునించి వచ్చేలోపు అయిపోవాలి."

వేరేవాళ్ళని పిలుచుకోమనాల్సింది. కానీ ఎందుకు రానంటున్నారు అని అడుగుతుందేమోనని భయం. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడమంటే ఇదే. సరేనన్నాను.

వెళ్ళేసరికి నాలుగున్నర. ఆవిడ టీవీకి ఎదురుగా కుర్చీలో ఉంది. బాగా చిక్కిపోయింది. ఎలా ఉన్నారమ్మా అంటే నావైపు చూసింది. ఆ చూపు తట్టుకోలేక స్పానర్లు తీసుకుని గబగబా మేడెక్కేశాను.

పైన మబ్బు బాగా దిగి ఉంది. తడిసిన సిమెంటు వాసన, నాచు వాసన. వెనక పిట్టగోడకి నా పాత బోల్టుల కన్నాలు నాలుగూ అలాగే ఉన్నాయి. వాటిలోంచి తుప్పు నీళ్ళు కారి గోడ మీద చారలు కట్టాయి. అటు వెళ్ళలేదు. ఈసారి మేడ మధ్యలో ఇనప స్టాండ్ వేసి, ఇటికలు బరువు పెట్టి, మట్టం చూసి, ఏ లోటూ లేకుండా బిగించాను. ఈ ఒళ్ళు వంచడమేదో అప్పుడే వంచి ఉంటే సరిపోయేది.

కోడలు టీవీ ముందు కూర్చుని ఫోన్లో గీతలు చదువుతోంది.

"స్ట్రెంత్ ఎనభై. క్వాలిటీ సున్నా."

తిప్పాను.

"సున్నా."

ఈ శాటిలైట్‌ని నేను కళ్ళు మూసుకుని పట్టుకోగలను. ఆ రోజు అరగంట వెతికినా దొరకలేదు. ముక్కు మార్చాను, కేబుల్ మార్చాను. సున్నా, సున్నా, సున్నా. చినుకులు మొదలయ్యాయి. చేతులు తడిసి స్పానర్ జారింది. డిష్ బోల్టు వదులై దాని ముఖం మెల్లగా కిందికి వాలిపోయింది. వాలుతూనే పక్కకి తిరిగింది. వెనక పిట్టగోడ వైపు.

"వచ్చిందన్నయ్యా" అంది కోడలు. "తొంభై రెండు."

డిష్ వంక చూశాను. అది ఆకాశంకేసి చూడట్లేదు. గోడకేసి, గోడ అవతల పెరట్లోకి చూస్తోంది. ఇటికల్లోంచి ఏ సిగ్నలూ రాదు. ఏ డిష్‌కీ రాదు.

పైకెత్తాను. సున్నా అంది కోడలు. వదిలేశాను. దానంతటదే మళ్ళీ అటే తిరిగి వంగింది.

"తొంభై రెండు. బాగుంది, అక్కడే ఉంచెయ్యండి."

మెల్లగా వెళ్ళి పిట్టగోడ మీంచి కిందికి తొంగిచూశాను. తడి గచ్చు. ఒక మూల బోర్లించిన బకెట్టు. ఇంకేమీ లేదు. మేడ మీది నీళ్ళు దిగే గొట్టంలోంచి బొట్లు పడుతున్నాయి.

"బొమ్మ వచ్చిందా అమ్మా?" అని ఫోన్లో అడిగాను.

"లేదు, తెరంతా నీలంగా ఉంది. ఏదో చప్పుడు మాత్రం వస్తోంది. వాన పడుతున్నట్టు. ఉండండి, వినిపిస్తాను."

ఫోన్ టీవీ దగ్గర పెట్టింది. వాన... మేడ మీద పడుతున్న చినుకులు కాదు. అది పెద్ద వాన. అందులో ఎవరో ఆయాసపడుతూ మెట్లెక్కుతున్నారు. ఒక మెట్టు... ఆగారు... ఇంకో మెట్టు.

తరవాత ఒక మగ గొంతు. ఫ్యాను కింద పడుకుని మాట్లాడుతున్న గొంతు.

"మీకు చేతకాని పనేముంది?"

నా గొంతు.

డిష్ ముక్కులోంచి కేబుల్ లాగేశాను. ఆగలేదు. కేబుల్ నా చేతిలో వేలాడుతోంది. ఫోన్లో అది మాట్లాడుతూనే ఉంది. ఎడమకి... ఇంకొంచెం... దాని తరవాత ఏం వస్తుందో నాకు తెలుసు. మెట్లు రెండేసి చొప్పున దిగి గదిలోకి పరిగెత్తి ప్లగ్గు పీకేశాను. టీవీ ఆరిపోయింది.

రెండోసారి కూడా కట్ చేసింది నేనే.

"ఏమైంది?" అంది కోడలు.

"బాక్సులో లోపం ఉందమ్మా. మార్చి తెస్తాను."

"ఎవరో గొణుగుతున్నట్టుంది కదూ. మీకేమైనా అర్థమైందా?"

"లేదు" అన్నాను.

ఆవిడ మాత్రం కుర్చీలో ముందుకి వంగి, చెవి టీవీ వైపు పెట్టి కూర్చుంది. ఆరిపోయిన టీవీ వైపు. నేను బాక్సు ఊడదీసి సంచిలో పడేసుకుని, డిష్ పైనే వదిలేసి, చెప్పులు చేత్తో పట్టుకుని బయటపడ్డాను.

మూడు రోజులు పనికి పోలేదు. బాక్సు సంచిలోంచి తియ్యలేదు. సంచి మంచం కింద ఉంది. చెబుదామా, వద్దా. చెబితే కొడుకు చంపుతాడేమో, వీధిలో తలెత్తుకోలేనేమో. చెప్పకపోతే ఆవిడ ఆ కుర్చీలోనే ఎండిపోతుంది. నా పరువు ఒక పక్క, ఆవిడ ప్రాణం ఇంకో పక్క. మూడు రోజులూ పరువే గెలిచింది.

నిన్న పొద్దున కోడలు ఫోన్ చేసింది. గొంతులో సంతోషం.

"అన్నయ్యా, మీ చేతి చలవ. అత్తయ్య మళ్ళీ టీవీ చూస్తున్నారు. రోజూ ఆరింటికి టంచనుగా కూర్చుంటున్నారు. నాతో నాలుగు మాటలు మాట్లాడుతున్నారు కూడా."

"అమ్మా... బాక్సు నాదగ్గరుంది."

"అదే కదా. నాకైతే నల్ల తెర తప్ప ఏమీ కనిపించదు. పోనీలెండి, ఆవిడ సంతోషం ఆవిడది. రోజూ కొంచెం కొంచెం వస్తోందట, సీరియల్లాగా. మామయ్య మెట్లెక్కడం ఒక రోజు, డిష్ తిప్పడం ఒక రోజు." ఆమె గొంతు తగ్గించింది. "నిన్న పడిపోయేదాకా వచ్చిందట. ఆ తరవాతది కూడా మొదలైందట. మిగతాది ఇవాళ వస్తుందంటున్నారు. నాకు భయంగా ఉందన్నయ్యా. ఆవిడ మాత్రం ఏడవట్లేదు."

ఆ తరవాతది అంటే ఏమిటో నాకు తెలుసు. ఆయన పిలవడం. నేను కట్ చెయ్యడం.

ఆయన నోటి నించి ఆవిడ వినేలోపు, కనీసం నా నోటితో చెప్పాలనిపించింది. ఇది ధైర్యం అని నేననను. సిగ్గు ముదిరితే అది కూడా కాళ్ళకి బలమిస్తుంది. సాయంత్రం సంచి బండికి తగిలించుకుని బయలుదేరాను. ఆరుకి పావుగంట ఉండగా ఆ గుమ్మం ముందు నిలబడ్డాను. కొడుకు అప్పుడే ఆఫీసునించి వచ్చాడు, చేతిలో భోజనం డబ్బా ఇంకా కింద పెట్టలేదు. ఆవిడ కుర్చీలో ఉంది. కోడలు తలుపు దగ్గర.

కూర్చోలేదు. నిలబడే చెప్పేశాను. ఆయన్ని మేడెక్కించింది నేనని. ఇంట్లో పడుకుని అబద్ధమాడానని. డిష్ బయటివైపు బిగించింది నా బద్ధకమేనని. వంగమన్నది నేనేనని. చివరి ముక్క కూడా మింగకుండా చెప్పాను.

"కింద పడ్డాక ఆయన నన్ను పిలిచారమ్మా. ఉన్నావా అని అడిగారు. నేను ఫోన్ కట్ చేశాను. మీ తప్పేం లేదు. అంతా నాదే."

కొడుకు డబ్బా గోడవారగా పెట్టాడు. కొడతాడనుకున్నాను. కొడితే బాగుండుననిపించింది. అతను నావైపు రాలేదు. తల్లి కుర్చీ దగ్గరికి వెళ్ళి నేల మీద చతికిలబడ్డాడు.

"ఏడాదిగా నిన్ను..." అన్నాడు. ఆవిడ అతని తల మీద చెయ్యి వేసింది. వేసి, నావైపు చూసింది. కోపం లేదు ఆ చూపులో. ఎక్కడో తప్పిన లెక్కని సరిచూస్తున్నట్టుంది.

"కట్ చెయ్యలేదు బాబూ" అంది మెల్లగా.

"చేశానమ్మా. ఈ చేత్తోనే."

"నిన్న విన్నాను కదా. ఆయన ఉన్నావా అన్నారు. ఉన్నాను మాస్టారూ అన్నావు."

"నేనలా అనలేదు..."

"నీ గొంతే. ఆయన మాట్లాడుతూనే ఉన్నారు. నువ్వు ఊఁ కొడుతూనే ఉన్నావు. చాలాసేపు. ఆయన నవ్వారు కూడా ఒకసారి. ఒంటరిగా పోలేదు కదా అని నిన్న రాత్రి నాకు నిద్ర పట్టింది."

ఆ రోజు ఫోన్ నా చేతిలో నల్లగా ఆరిపోవడం నాకు గుర్తుంది. దాన్ని దిండు కింద తోసేసి, అటు తిరిగి పడుకోవడం గుర్తుంది.

"మరి... నేను కాకపోతే ఎవరమ్మా పలికింది?"

ఆవిడ గడియారం చూసింది. ఆరయింది.

ప్లగ్గు గోడకి లేదు, నేల మీద పడి ఉంది. బాక్సు బయట బండి మీద సంచిలో ఉంది. టీవీ తెర నీలంగా వెలిగింది. గది నిండా వాన చప్పుడు. ఈసారి అందరికీ వినిపించినట్టుంది, కోడలు గోడకి అతుక్కుపోయింది. ఆ వానలోంచి మాస్టారు, అలిసిపోయిన గొంతుతో, ఇంకా ఉన్నావా నాయనా అని అడిగారు.

"ఉన్నాను మాస్టారూ, చెప్పండి" అంది నా గొంతు.

నేను నోరు తెరవలేదు. కొడుకూ కోడలూ ఇద్దరూ తెర వైపు చూడటం మానేసి, నా మొహం వంక చూస్తున్నారు.